ఇసుకలో పుంటికూర మడి

మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, మల్లేశం పోయిన నెలలో కాలం చేశాడు. దినాల నాడు ముస్తాబాద్ దగ్గరి మా ఊరికి వెళ్లాను. మా వైపు ఆ రోజు తప్పకుండా చేసే పని ఒకటుంది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, పొలం గట్టున పెట్టి, అందరూ దూరం జరిగి నిలబడతారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి “నీ బిడ్డ పెండ్లి మేం జేస్తం”, “నీ ముసలవ్వను మేం సాకుతం” అని మాట ఇవ్వాలి. మనసులో అనుకుంటే చెల్లదు, నలుగురికీ వినబడేలా అనాలి. చిన్నబాపు విషయంలో ఆ అవసరమే రాలేదు. విస్తరి కింద పెట్టి మేం నాలుగడుగులు వేశామో లేదో, కాకి వచ్చి వాలింది. “ఏం కొదువ లేకుంట పోయిండు మల్లేశం” అనుకుంటూ జనం చేతులు కడుక్కోవడానికి కదిలారు. నేను మాత్రం ఆ గట్టు మీదే నిలబడిపోయాను. మా తమ్ముడు వెనక్కి వచ్చి “ఏందే అన్నా, అన్నానికి రావా?” అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. అన్నం ముందు కూర్చున్నాను గానీ, నా కళ్ల ముందున్నది ఆ పందిరి కాదు. సముద్రం అవతల ఇసుకలో, రేకుల క్యాంపు వెనక, చిన్నబాపూ నేనూ ఇంకొక పిట్ట కోసం ఎదురుచూసిన ఉదయం.

ఎడారి గురించి రాయమని మిత్రులు చాలాసార్లు అడిగారు. తప్పించుకుంటూ వచ్చాను. దుబాయి అనగానే మా వైపు జనం రెండే కథలు వింటారు. బంగారం తెచ్చుకున్నోడి కథ ఒకటి, పెట్టెలో తిరిగొచ్చినోడి కథ ఒకటి. ఆ రెండింటి మధ్య రోజూ లేచి, పనికి పోయి, వండుకుని తిని, ఒకరినొకరు ఎగతాళి చేసుకుని నవ్వి పడుకున్న వేలమంది ఉన్నారు. వాళ్ల కథ ఎవరికీ పట్టదు. అక్కడ మీకు సంతోషం ఉండేదా అని ఎవరైనా అడిగితే ఉండేదనే చెప్తాను. వినేవాళ్లు నమ్మరు. నమ్మకపోతే పోనీ, ఉన్నమాట చెప్పడానికి నాకేం భయం.

నేను వెళ్లేనాటికి ఇరవై దాటాయి. సిరిసిల్లలో డిగ్రీ సగంలో ఆగింది. ఊళ్లో ఎటు చూసినా ఉద్యమమే, ఏ గోడ మీద చూసినా నినాదమే. తెలంగాణ వస్తుందని అందరికీ నమ్మకం, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆ లోపల కడుపులు నిండాలి గనుక మా ఈడు వాళ్లంతా ఒకరి వెనక ఒకరు కోరుట్ల బాట పట్టారు. గల్ఫ్‌కు పంపే ఏజెంట్లు అక్కడే ఉండేవాళ్లు. మా బాపు నన్ను తనే వెంటబెట్టుకుని కోరుట్ల తీసుకుపోయాడు. ఏజెంటుతో ఆయన అడిగింది ఒక్కటే. “మా మల్లేశం ఉన్న కంపెనీకే పంపు సారూ. ఇంకో తాన వద్దు.” జీతమెంతో, పనేమిటో కూడా అడగలేదు. తిరిగొస్తూ బస్టాండులో నాకు చాయ్ ఇప్పించి, తను తాగకుండా గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు, “పనిదేమున్నది కొడుకా, ఎట్లనో చేస్తవ్. నువ్వు జెయ్యాల్సిన పని ఒక్కటే. చిన్నోన్ని మాట్లాడిచ్చు.”

ఎందుకలా అన్నాడో చెప్పాలి. మా బాపుకూ చిన్నబాపుకూ పొలం పంపకాలైనా బావి ఒక్కటే. బావిని ముక్కలు చేయలేరు కదా, మోటారుకు వంతులేసుకున్నారు. ఒక ఎండాకాలం బావి అడుగంటింది. చిన్నబాపు వంతు నాడు ఆయన ఎల్లంతకుంటలో చుట్టాల పెళ్లికి పోయాడు. మా వరి పొట్ట మీదుంది, ఎండకు తాళడం లేదు. బాపు తమ్ముడి వంతులో మోటారు పెట్టి ఉన్న నీళ్లన్నీ మా మడికి పారించాడు. మరునాడు చిన్నబాపు వచ్చేసరికి బావిలో బురద, చేనులో తలలు వేలాడేసిన మక్కజొన్న. ఆ మక్క చేను మళ్లీ లేవలేదు. చిన్నబాపు కొట్లాడలేదు. మా వాకిట్లోకి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అన్న మాటలు నాకింకా గుర్తే. “అడిగితే నేనే ఇచ్చేటోన్ని గదనే అన్నా. అడుగకపోతివి. ఇగ నీకు నాకు మాట బందు.” అన్న మాట నిలబెట్టుకున్నాడు. మాకూ ఆయనకూ ఎడమొహం పెడమొహమే అయింది. ఆ మరుసటి ఏడే కోరుట్ల పోయి, దుబాయి చేరాడు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు కూడా మా వాకిలి వైపు చూడలేదు. మా బాపు తప్పు తనదేనని తెలిసిన మనిషి, ఒప్పుకోవడం చేతకాని మనిషి. అందుకని నన్ను పంపాడు.

మాకు గల్ఫ్ అంతా దుబాయే. నేను పడ్డది ఆ పట్నానికి చాలా దూరం, పైపులైను వేస్తున్న చోట. ఎటు చూసినా ఇసుక. మా ఊళ్లో కంటికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం తగిలేది, తాటిచెట్టో, గట్టో, గొడ్డో. ఇక్కడ చూపు పోయి పోయి ఎక్కడా ఆగేది కాదు. మొదటి దినాల్లో నాకు అన్నిటికంటే భయం వేసింది దానికే. క్యాంపు అధికారి తెలుగువాళ్లందరినీ ఒక గదిలో వేశాడు. ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. నాకు దొరికింది మీది మంచం. కింది మంచం మీద పడుకుని ఉన్న మనిషి మా చిన్నబాపు.

“చిన్నబాపూ, మంచిగున్నవా? బాపు అడుగమన్నడు” అన్నాను. ఆయన నా మొహం చూశాడు, నా చేతిలో సంచి చూశాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే. ఆ తర్వాత నెలల తరబడి మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం, ఒకే బస్సులో పనికి పోయాం, ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒక్క మాట లేదు. నాతో చెప్పాల్సింది ఏమైనా ఉంటే మధ్యలో సత్తన్న ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, మా గదిలో అందరికంటే పెద్ద, నోరు ఊరుకోని మనిషి. “సత్తన్నా, ఆ మీది మంచపోనికి చెప్పు, నల్లా ఇడిసిపెట్టి తోముతున్నడు పండ్లు, అది వాని అయ్య బాయి కాదని” అనేవాడు చిన్నబాపు, నేను పక్కనే నిలబడి ఉండగా. సత్తన్న నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, “ఇన్నవా తమ్మీ? కిందిమంచం దొర ఏమన్నడో మల్ల చెప్పాల్నా?” అనేవాడు. గదంతా నవ్వేది. నేను మాత్రం బయటికి నడిచేవాణ్ని.

ఆ గది వెనక, ఏసీలు బయటకు పొడుచుకొచ్చిన గోడ కింద, చిన్నబాపు ఒక మడి కట్టాడు. మడి అంటే నవ్వకండి, మంచమంత ఉండేది. ఇసుక నీళ్లు నిలవనివ్వదు, ఎంత పోసినా తాగేస్తుంది. అందుకని ఆయన మోకాలి లోతు తవ్వి, అడుగున ఖాళీ సిమెంటు సంచులు పరిచాడు. దూరాన ఒక ఎడారి అరబ్బు, బద్దూ అంటారు, అతని మేకల దొడ్డి ఉండేది. సెలవునాడు అక్కడికి నడిచిపోయి ఎరువు మోసుకొచ్చి ఇసుకలో కలిపాడు. గాలికి అడ్డంగా విరిగిన చెక్కలు నిలబెట్టాడు. నీళ్లేమో ఏసీల నుంచి కారేవి. రంగు డబ్బాలు కింద పెట్టి పట్టేవాడు. పుంటి, అంటే గోంగూర, విత్తులు ఊరి నుంచి తెచ్చుకున్నవట. మెంతులు, ధనియాలు వంటింటివే. ధనియాలను నేల మీద పోసి చెప్పుతో రుద్ది రెండు ముక్కలు చేసి చల్లేవాడు. అందరూ పిచ్చోడనుకున్నారు. మొలక కనిపించిన పొద్దున మాత్రం బస్సెక్కాల్సిన వాళ్లంతా చెక్కల మీదుగా వంగి చూడడమే. ఆ పచ్చ చూసి ఇంత పొడుగు మొగవాళ్లకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి అది మాకు అలవాటైంది. పొద్దున పనికి పోయేముందు, ఒక్కొక్కరూ వచ్చి మడి చూసి, ఒక ఆకు వేళ్ల మధ్య నలిపి వాసన చూసుకుని బస్సెక్కేవాళ్లు.

ఇలాంటివే మా సంతోషాలు. పెద్దవేం కాదు. లబన్ అని అక్కడ మజ్జిగ దొరికేది, అందులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి వేసుకుని అన్నంలో పోసుకుంటే మా అవ్వ, అంటే మా అమ్మ, చేతి చల్ల తాగినట్టే ఉండేది. చలికాలం పొద్దున ఇసుక మీద మంచు దిగేది. బస్సు కిటికీ తెరిచి ఆ తేమ మొహానికి తగలనిచ్చేవాళ్లం, వరి కోతలప్పుడు మా పొలాల మీద నుంచి వచ్చే గాలి అదే తీరుగా ఉండేది. ఒకసారి వాన పడింది. నిజంగా పడింది, పెళపెళమంటూ. పని ఆపి అందరం బయటికి పరుగెత్తాం. నాలుగు రోజుల్లో ఇసుక మీద సన్నని గడ్డి మొలిచింది, వారంలో మాడిపోయింది. సత్తన్న ఆ గడ్డి మీద వెల్లకిలా పడుకుని “ఇగ నేను రాను, నన్ను గీడ్నే మేపుండ్రి” అన్నాడు. పచ్చటి ఊళ్లో ఉన్నన్నాళ్లూ పచ్చదనం ఒకటుందని మాకు తెలీనే తెలీదు. ఇసుకలోకి పోయాకే ఒక మెంతి ఆకును పావుగంట సేపు చూడడం నేర్చుకున్నాం.

మడికి నీళ్లు పోయడానికి చిన్నబాపు గదిలో వాళ్లకు వంతులు వేశాడు. నా పేరు లేదు. నేను అడగలేదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం బూట్లు విప్పుకుంటూ, ఎటో చూస్తూ, “సత్తన్నా, శుక్రారం వంతు మీది మంచపోనిదని చెప్పు” అన్నాడు. సత్తన్న ఈసారి ఎగతాళి చేయలేదు. నీళ్ల వంతు మీద తెగిపోయిన మనిషి నాకు నీళ్ల వంతు ఇచ్చాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. శుక్రవారం పొద్దున్నే లేచి, ఉన్న డబ్బాలన్నీ పట్టుకొచ్చి, గట్లు సరిచేసి, మడి నిండా నీళ్లు నిలబెట్టాను, ఆకులు తేలేదాకా. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ని, నీళ్లు పెట్టడమంటే నాకు తెలిసింది అదే. అడుగున సంచులున్నాయి గదా, ఆ నీళ్లు ఎటూ పోలేదు. రెండు రోజుల్లో మెంతి అంతా కుళ్లి పడిపోయింది. నేను తలెత్తలేకపోయాను. చిన్నబాపు కుళ్లిన మొక్కలు పీకి పడేసి, చేతులు దులుపుకుని, “సత్తన్నా, గిది వరిమడి కాదని చెప్పు. మల్ల శుక్రారం సగం డబ్బా సాలు” అన్నాడు. వంతు తీసేయలేదు. ఆ మాట విన్నాక ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటుందని నాకు ఆశ పుట్టింది.

బాపు శుక్రవారాలు ఫోన్ చేయించుకునేవాడు. మిస్డ్ కాల్ ఇస్తే నేను చేసేవాణ్ని. గదిలో స్పీకరు పెట్టి మాట్లాడేవాణ్ని, బాపు గొంతు కావాలనే అందరికీ వినిపించేవాణ్ని. ఊళ్లో తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు బందు, బడులు బందు, సిరిసిల్లలో మగ్గాల చప్పుడు కూడా ఆగిందట. బాపు మా దగ్గర ఎప్పుడూ అంత ఉషారుగా మాట్లాడింది లేదు. “రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టినం కొడుకా. మనూరోళ్లందరం. బండ్లన్ని ఆపి, ఆన్నే వండి, ఆన్నే తిన్నం. పక్క పక్కన కూసోనోళ్లు గూడ ఒక్క బంతిల కూసున్నరు” అని చెప్పి నవ్వేవాడు. చివరకు మాత్రం ప్రతిసారీ అదే ప్రశ్న. “చిన్నోడు మంచిగున్నడా? ముద్ద తింటున్నడా?” నేను గొంతు పెంచి “మంచిగనే ఉన్నడు బాపూ, తింటున్నడు” అనేవాణ్ని. ఆ మాట వచ్చేసరికి కూర కలుపుతున్న చిన్నబాపు గంటె ఆపేవాడు. ఫోను పెట్టేశాక మళ్లీ కలిపేవాడు. మాడిన వాసన వచ్చినా ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు.

ఊళ్లో రోడ్ల మీద వండుకుంటున్నారని విని సత్తన్నకు రోషం వచ్చింది. “మనం మాత్రం తెలంగాణోళ్లం గాదా?” అన్నాడు. గుంపు కూడితే క్యాంపులో ఒప్పుకోరు. ఇదేమిటని అధికారి వస్తే “పిక్నిక్ సాబ్” అని చెప్పాడు. ఆ శుక్రవారం క్యాంపు వెనక ఇసుక మీద మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేశాం. జగిత్యాలోళ్లు, కోరుట్లోళ్లు, సిరిసిల్లోళ్లు, బోయినపల్లి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, అందరం. చిన్నబాపు మొదటిసారి మడిలో పుంటికూర కోశాడు, పప్పులో వేశాడు. ఆ పులుపు వాసన లేవగానే అందరం పొయ్యి దగ్గరికి జరిగాం. జై తెలంగాణ అని గట్టిగా అరవలేక గొంతులోనే అనుకున్నాం. చిన్నబాపే అందరికీ వడ్డించాడు. నా ముందుకొచ్చి, నా మొహం చూడకుండా, ఒక గంటె వేసి, పోబోయి, ఆగి, ఇంకో గంటె వేశాడు. ఆ పప్పు తిన్న తీరు ఇప్పటికీ నాకు మర్చిపోవడం చేతకాదు.

ఆ సాయంత్రమే బాపుతో మాట్లాడాను. చిన్నబాపు ఇసుకలో పుంటికూర పెంచాడని, అందరం తిన్నామని చెప్పాను. బాపు పడీ పడీ నవ్వాడు. “ఆడు చిన్నప్పటి సంది గంతే కొడుకా, బండ మీద గూడ మొలిపిస్తడు. మా అవ్వ అనేది, వీని చెయ్యి వడితే కట్టె గూడ చిగురిస్తదని.” నవ్వు ఆగాక, ఎప్పటిలా, “చిన్నోడు మంచిగున్నడా? ముద్ద తింటున్నడా?” అన్నాడు. ఈసారి గిన్నెలు తోముతున్న చిన్నబాపు వైపు ఫోను చాచాను. ఆయన ఫోను వైపు చూశాడు. లేచాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, ముందూ వెనకా, వేళ్ల సందుల్లో కూడా, చాలాసేపు తుడుచుకున్నాడు. అటు నుంచి బాపు “హలో, హలో” అంటున్నాడు. చిన్నబాపు పెదవులు కదిలాయి. మళ్లీ కూర్చుని, తోమిన గిన్నెనే తోమడం మొదలుపెట్టాడు. నేను “మంచిగనే ఉన్నడు బాపూ” అని పెట్టేశాను. వచ్చే శుక్రవారం తప్పకుండా మాట్లాడతాడని నాకు నమ్మకం కుదిరింది.

ఆ శుక్రవారం రాకముందే, పని మీద ఉండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. పొలంలో ఉండగా బాపుకు గుండెలో నొప్పి లేచిందట. బస్సుల్లేవు. ఆటోలో సిరిసిల్లకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను ఇసుకలో కూలబడ్డాను. సత్తన్న నా చేతిలో ఫోను లాక్కుని విని, కొంచెం దూరంలో పైపు మీద కూర్చున్న చిన్నబాపు దగ్గరికి నడిచాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. చిన్నబాపు లేవలేదు, ఏడవలేదు. తల మీది హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు, ఆ ఎండలో. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరున్నాయి, పని మధ్యలో సెలవు లేదన్నారు. మా తమ్ముడే కొరివి పెట్టాడు. మేమిద్దరం క్యాంపులోనే తలస్నానం చేసి మైల పట్టాం. కొడుకును గనుక నేను, తమ్ముడు గనుక ఆయన, ఇద్దరం గుండు చేయించుకున్నాం, ఒకే కత్తికి, ఒకరి తర్వాత ఒకరం. అప్పుడు కూడా మాట లేదు. నాకు ఆయన మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. చచ్చిపోయినా దిగిరాని పంతం ఏం పంతమని లోపల లోపల తిట్టుకున్నాను.

మరునాడు బస్సెక్కుతుంటే డ్రైవరు ఖాన్, పెషావర్ వైపు ముసలాయన, మా గుండ్లు చూసి మొహం వెలిగించుకుని “ఉమ్రా కర్‌కే ఆయే క్యా?” అన్నాడు. మక్కా పోయి వచ్చినవాళ్లు గుండు చేయించుకుంటారు గదా, అలా అనుకున్నాడు పాపం. “నై ఖాన్ సాబ్. భాయ్ మర్ గయా” అన్నాడు చిన్నబాపు. ఎవరి తమ్ముడు, ఎవరి అన్న అని ఖాన్ అడిగాడు. “మేరా భాయ్” అని, వెనక నిలబడ్డ నన్ను వేలితో చూపించి, “ఇస్‌కా బాప్” అన్నాడు. ఖాన్ స్టీరింగు వదిలి రెండు చేతులూ పైకెత్తి దువా చేశాడు. నేను ఆ క్యాంపుకు వచ్చాక చిన్నబాపు నన్ను ఫలానా అని ఒకరికి చెప్పడం అదే మొదలు. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

ఇప్పుడు మా ఊరికి కాలువ నీళ్లు వచ్చాయి. ఆ బావిలో చెయ్యి చాచి ముంచుకునేంత పైకి ఉన్నాయి నీళ్లు. వంతులు లేవు. మోటారు ఎవరు ఎప్పుడు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. తెలంగాణ వచ్చింది, బాపు చూడలేదు. గల్ఫ్‌లో ఉన్న మా వాళ్లు ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఫోన్లో మొహాలు చూపించుకుంటారు, ఏం తిన్నారో పళ్లెంతో సహా చూపిస్తారు. పుంటికూర ఆటోలో ఇంటి ముందుకే వస్తుంది, మా పిల్లలు పులుపని పక్కన పెడతారు. మంచిదే, నీళ్ల కోసం అన్నదమ్ములు విడిపోయే కాలం పోవడం మంచిదే. కానీ వారానికొక్కసారి ఒకే ప్రశ్న అడిగే గొంతు కోసం గంటె ఆపి వినే మనిషి ఇప్పుడెక్కడా కనబడడం లేదు. ఇది నా చాదస్తం కూడా కావచ్చు.

అప్పుడు, ఆ క్యాంపులో, బాపుకు పిట్టకు పెట్టే రోజు వచ్చింది. చిన్నబాపు అందరికంటే ముందు లేచి వండాడు. అన్నం, మడిలో మిగిలిన పుంటికూర, ఉల్లిగడ్డ కారం. విస్తరి లేదు గనుక కాగితం పళ్లెంలో వడ్డించి, క్యాంపు వెనక ఇసుక దిబ్బ మీద పెట్టాడు. అప్పుడే పొద్దు పొడుస్తోంది. మా క్యాంపు దగ్గర కాకులు లేవు. రేకుల మీద గువ్వలు తిరిగేవి, మాకు అవే దిక్కు. గువ్వ ముడితే చెల్లుతుందా అని ఎవరో సందేహం పెట్టారు. “దేశం గాని దేశంల ఏ పిట్టైనా పిట్టనే, నోర్ముయ్యుండ్రి” అన్నాడు సత్తన్న. ఎదురుచూశాం. గువ్వలు రేకుల మీద అటూ ఇటూ నడిచాయి గానీ కిందికి దిగలేదు. సత్తన్న నా భుజం తట్టి “ఏదో కోరిక ఉన్నది తమ్మీ మీ బాపుకు. మాటియ్యి” అన్నాడు. నేను ముందుకు పోయి, “బాపూ, అవ్వను మంచిగ సూస్కుంట. తమ్మున్ని సదివిస్త” అన్నాను. పిట్ట రాలేదు. ఇంకేం అనాలో నాకు తోచలేదు. ఆయన కోరిక ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, ప్రతి శుక్రవారం విన్నదే. అందరూ చిన్నబాపు వైపు చూడకుండా ఉండడానికి ఇసుక వైపు చూస్తున్నారు.

రోడ్డు మీద నుంచి ఖాన్ హారన్ కొట్టాడు. అప్పుడు చిన్నబాపు కదిలాడు. చెప్పులు విడిచి, పళ్లెం దగ్గరికి పోయి గొంతుకూర్చున్నాడు.

“అన్నా,” అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. “అన్నా, నేనే, మల్లేశాన్ని. నేను మంచిగనే ఉన్న. ముద్ద తింటున్న. నువ్వడిగినప్పుడల్ల ఇనచ్చిందే నాకు. ఆ మోటరు సంగతి ఎప్పుడో మర్సిపోయిన. నోరే పెగలలే. రేపు మాట్లాడ్త, మల్ల వారం మాట్లాడ్త అనుకున్న. గింత జల్ది పోతవనుకున్ననా?” మోచేతితో మొహం తుడుచుకుని, “పోరడు నా తాన్నే ఉన్నడు. నేను సూస్కుంట. పరేషాన్ గాకు” అన్నాడు.

పిట్ట రాలేదు. రెండోసారి హారన్ మోగింది, ఆలస్యమైతే ఆ రోజు పని లేనట్టే. పళ్లెం అక్కడే వదిలి ఒక్కొక్కరం బస్సెక్కాం. చిన్నబాపు ముందు సీట్లో కూర్చున్నాడు, ఎవరి మొహమూ చూడలేదు. నేను ఆయన పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు కదిలింది, వెనక దుమ్మూ దుబ్బా లేచాయి. వెనక అద్దం దగ్గర కూర్చున్న సత్తన్న ఒక్కసారిగా అరిచాడు. “ముట్టింది! మల్లేశం, ముట్టిందిరో! గువ్వ ముట్టింది!” అందరూ వెనక్కి తిరిగారు. అద్దం నిండా దుబ్బే. సత్తన్న నిజంగా చూశాడో, మా మొహాలు చూడలేక అన్నాడో నాకు తెలియదు. ఆయన బతికున్నన్నాళ్లూ నేను అడగలేదు.

చిన్నబాపు తలెత్తాడు. సత్తన్న వైపు కాదు, నా వైపు తిరిగి, “నువ్వు సూసినవార?” అని అడిగాడు.

“లే చిన్నబాపూ. దుబ్బ లేసింది, కనవడలే.”

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నా గుండు, నా ముక్కు, మా బాపు పోలిక ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా చూశాడు.

“నేను గూడ సూడలె,” అన్నాడు. “సత్తన్న సూసిండట గద. సాలు.” అని కిటికీ వైపు జరిగి, పక్కన నాకు చోటిచ్చాడు.